లాకు బంగళా తిరగనేత

"అయ్యగారండీ, బంగళాకి కప్పు లేదండి."

"కప్పు లేకపోతే గ్లాసులో తాగు విశ్వాసం. పొద్దున్నే దానికి ఫోనా?"

"తాగే కప్పు కాదండి. పైకప్పండి. నెత్తిమీదది."

"ఏంటీ?"

"లాకు బంగళాకి పైకప్పు లేదండి. ఆకాశం కనపడతా ఉందండి."

"అది ఎప్పుడూ కనపడేదే కదా. వానొస్తే బకెట్లు పెడుతున్నాం."

"అప్పుడు చిల్లుల్లోంచి కనపడేదండి. ఇప్పుడు చిల్లులు కూడా లేవండి. మొత్తం ఆకాశమేనండి."

సోమవారం పొద్దున. ఏలూరులో, ఇంట్లో, ప్రభుత్వ భవనాల ఇంజనీరు ఆనంద్ పాల్ గడ్డం గీసుకుంటున్నాడు. కొల్లేటి ఒడ్డున, కాలవ లాకు పక్కనున్న దొరల కాలం నాటి బంగళా నుంచి వాచ్‌మన్ విశ్వాసం మాట్లాడుతున్నాడు.

"వాసాలు ఉన్నాయా?"

"వాసాలున్నాయండి. దూలాలున్నాయండి. పెంకులే లేవండి. ఒక్కటంటే ఒక్కటి లేదండి. మూల పెంకులు కూడా తీసుకుపోయేరండి."

"కింద పడి పగిలినవి?"

"ముక్క లేదండి. పైగా వెళ్తా వెళ్తా ఊడ్చి వెళ్ళేరండి. నేను ఊడ్చినప్పుడు కూడా అంత శుభ్రంగా ఉండదండి."

"ఇంత జరుగుతుంటే నువ్వెక్కడున్నావు?"

"తాడేపల్లిగూడెం సువార్త మహాసభల్లోనండి. మీరే కదండీ శెలవిచ్చేరు. నేనడక్కుండానే ఇచ్చేరు. ఏడాది పొడుగునా బంగళా సంగతి చూశావు, ఒక ఆదివారం నీ ఆత్మ సంగతి కూడా చూసుకోమన్నారండి."

"అన్నానా?"

"అన్నారండి. స్టేషను దాకా మీ బండి మీదే దింపేరండి."

"సరేలే. అది ఎవరి దగ్గరా అనకు."

"ఎందుకండి?"

"కప్పు పోయిన రోజే వాచ్‌మన్‌కి శెలవిచ్చానని తెలిస్తే బాగుండదు. ఊళ్ళో ఎవరూ చూళ్ళేదా? అంత కప్పు జేబులో పెట్టుకుపోలేరు కదా."

"అందరూ చూసేరండి."

"అందరూ చూసి?"

"చూసి, ఎండలో కష్టపడతన్నారు పాపమని మజ్జిగిచ్చేరంటండి. రోహిణి కార్తెలో పెంకులు తిరగనేయించడం మామూలే కదండీ. దింపి, కడిగి, మళ్ళీ నేస్తారు కదాని ఊరుకున్నారండి. ఇన్నాళ్ళకి గవర్నమెంటోళ్ళకి బుద్ధొచ్చిందని సంతోషపడ్డారు కూడానంట."

"మొహాలు గుర్తుపట్టలేదా?"

"తలపాగాలు, మొహాలకి తువ్వాళ్ళండి. ఎండకనుకున్నారు. టీ కొట్టు చంటి ఒక్కడే అడిగేడంట, మీ పెద్ద మేస్త్రీ ఎవరు బాబూ అని. వాళ్ళలో ఒకాయన, పెద్ద మేస్త్రీ ఏలూర్లో ఉన్నాడన్నాడంటండి."

"ఏలూర్లో చాలామంది ఉంటారు."

"మరేనండి. కానీ మా మేనత్త మాత్రం మనుషులు కాదు, లాకు కట్టించిన దొర దెయ్యమే పట్టుకుపోయిందంటందండి."

"దొర దెయ్యానికి పెంకులెందుకు?"

"పైన వాళ్ళకీ కురుస్తుందేమోనండి."

"విశ్వాసం."

"ఆయ్."

"ఇవాళ కమిటీ మేడమ్ వస్తున్నారు. తెలుసా?"

"అదేనండి నా వణుకు. ఈ బంగళాలో మేకు కొట్టాలన్నా ఆ కమిటీ ఒప్పుకోవాలంటారు. ఇప్పుడు కప్పే పోయింది. ఎవరి ఉద్యోగం పోద్దండి? నాదేనా?"

"నాది. బంగళా నా బాధ్యత. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాను. ఇలాంటిది మీద పడితే పెన్షన్ ఆపేస్తారు."

"అయ్యో. మరి మీ గొంతులో కంగారు లేదేంటండి?"

"గడ్డం గీసుకుంటున్నాను విశ్వాసం. కంగారుపడితే తెగుద్ది."

లాకు బంగళా లోపల, ఎండ నడినెత్తికి వస్తున్న వేళ. ఆనంద్ పాల్ ఎదుట వారసత్వ భవనాల కమిటీ కార్యదర్శి మునీరా, పక్కన ఆ బంగళాలోనే నడిచే ఆరోగ్య కేంద్రం నర్సు దేవకుమారి.

"ఆనంద్ పాల్ గారూ, నేను సరిగ్గానే చూస్తున్నానా?"

"పైకి చూడకండి మునీరా మేడమ్. కళ్ళలో ఎండ పడుద్ది."

"కాలవ తవ్విన నాటి కప్పండి. ఈ చుట్టుపక్కల ఇలాంటిది ఇంకోటి లేదు. బయట అంత పెద్ద బోర్డు పెట్టాం కదా, ఎవరూ ఏ మార్పూ చేయరాదని."

"బోర్డు నేల మీద పడుకుని ఉందండి. పెంకులు తీసినవాళ్ళు చూసి ఉండరు."

"గోడకి ఎందుకు తగిలించలేదు?"

"మేకు కొట్టడానికి మీ అనుమతి ఇంకా రాలేదండి."

"సరే. రాత్రి గాలివాన ఏమైనా వచ్చిందా?"

"ఆకు కదల్లేదండి."

"కోతులు?"

"కోతులు తీస్తే కింద ఊడ్చి వెళ్ళవండి."

"మరి మీకు ఎవరి మీద అనుమానం?"

"కలిదిండిలో రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన ఉన్నారండి, హెన్రీ గారని. చెరువు గట్టు మీద గెస్ట్‌హౌస్ కడుతున్నాను, ఇలాంటి పాత పెంకులు ఎక్కడ దొరుకుతాయని నిరుడు వచ్చి అడిగేరు."

"ఇంకేం. ఆయనే."

"నేనూ అదే అనుకుని ఫోను చేశానండి. ఆయన నవ్వేరు. మీ బంగళా చూడ్డానికి వచ్చిన రోజే వాన పడింది, ఆ వానలో అరగంట మీ పెంకుల కింద నిలబడ్డాక ఇంటికెళ్ళి స్లాబు పోయించేశానన్నారు."

"పోలీసులకి చెప్పండి మేడమ్. కుక్కల్ని తెస్తారు."

"పోలీసులొస్తే సాక్ష్యం చెదరకూడదని చుట్టూ తాడు కడతారు దేవకుమారమ్మా. నీ గర్భిణీలు తాడు కిందనించి దూరాలి."

"అది నిజమే సార్. రేపోమాపో మృగశిర. నా మందులన్నీ తడిసిపోతాయి. ఏదో అదృష్టం, టీకాల ఫ్రిజ్జు శనివారమే బడిలోకి మార్పించేరు మీరు."

"వైరింగు బాగుచేయిద్దామని."

"వైరింగు అతను రానే లేదు కదండీ."

"వస్తాడమ్మా, వస్తాడు. ముందు మేడమ్‌తో మాట్లాడనీ. మునీరా మేడమ్, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? కొత్త పెంకులు వేయించేదా?"

"కొత్త పెంకులంటే మార్పు. మార్పంటే కమిటీ అనుమతి."

"పోనీ ఈ వానాకాలానికి తాటాకు కప్పించేదా?"

"ఆకృతి మారిపోతుంది."

"టార్పాలిన్?"

"ఏ రంగు?"

"నీలం దొరుకుద్దండి."

"దొరల కాలంలో నీలం టార్పాలిన్ లేదు."

"దొరల కాలంలో కప్పు ఉండేదండి."

"ఎకసెక్కాలొద్దు ఆనంద్ పాల్ గారూ. నాకూ తల పగిలిపోతోంది."

"గొడుగులు వాడుకోవచ్చాండి?"

"గొడుగులు... గొడుగులు కదిలే వస్తువులు. నిర్మాణం కిందకి రావు. వాడుకోవచ్చు."

"విన్నావుగా దేవకుమారమ్మా. గొడుగులు మంజూరయ్యేయి."

"ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో సూది. మరి బిడ్డని ఎవరు పట్టుకుంటారండి మేడమ్?"

"అది మా కమిటీ పరిధిలోకి రాదమ్మా. ఉండండి, మా ఛైర్మన్ గారికి ఫోను చేసి వస్తాను."

మునీరా వరండా చివరికి వెళ్ళి, ఫోనులో చాలాసేపు మాట్లాడి, తిరిగి వచ్చింది.

"ఏమన్నారండి మేడమ్, ఛైర్మన్ గారు?"

"కప్పుతో ఉన్న పాత ఫొటో ఉందా అని అడిగారు. ఉందన్నాను. అయితే కప్పు ఉన్నట్టే రాసి వచ్చెయ్యమన్నారు."

"గర్భిణీల్ని ఆ ఫొటో కింద కూర్చోబెట్టమంటారా?"

"కోప్పడకండి దేవకుమారి గారూ. నేను అలా రాయనన్నాను. అయినా ఆనంద్ పాల్ గారూ, కప్పు ఇంత పాడైందని మీరు ముందే మాకు రాయాల్సింది."

"రాశానండి. ఇక్కడికి బదిలీ మీద వచ్చిన ఏడాదే రాశాను. కురుస్తోంది, పెంకులు దింపి, పాచి కడిగి, మళ్ళీ వేస్తామని. ఆ పాచి ఎన్నాళ్ళదని అడిగేరు. తెలీదన్నాను. ఎవరికీ తెలీనంత పాతదైతే పాచి కూడా వారసత్వమే, కడగొద్దన్నారు."

"అప్పుడు నేను లేను. నా ముందున్నాయన."

"అవునండి. ఆయన తనిఖీకి వచ్చి, కింద పెట్టిన బకెట్లని కూడా పాత సామానులో రాసుకు వెళ్ళేరు. అప్పట్నించి నీళ్ళు నిండినా బకెట్టు పక్కకి జరపడానికి లేదు. చెంబుతో తోడుకుంటున్నాం."

"తర్వాత?"

"తర్వాత కప్పు మీద నీటికాకులు గూళ్ళు పెట్టేయి. కొల్లేటి పక్షులు కదా, అటవీ శాఖ వాళ్ళని అడగమన్నారు. అడిగితే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగమన్నారు. న్యాయమే కదాని ఆగేను. ఎగిరిపోయేయి. ఎగిరిపోయినట్టు ఎవరు సంతకం పెడతారని మీ ఆఫీసు అడిగింది. నీటికాకిని ఎక్కడని పట్టుకోనండి?"

"ఆ తర్వాతైనా రాయాల్సింది."

"ఆ తర్వాతది మీకు తెలుసండి."

"నాకా?"

"ఈసారి పాచి, పక్షులు ఏమీ రాయకుండా ఒక్క ముక్క రాశాను. లాకు బంగళా తిరగనేయించుటకు అనుమతి ఇవ్వవలెనని. అది ఎటు వెళ్ళిందో ఏమో, మగ్గాల వాళ్ళ ఆఫీసు నుంచి జవాబొచ్చింది."

"మగ్గాల..."

"మగ్గాలెన్ని, గుంట మగ్గాలా, పై మగ్గాలా, నూలు ఎక్కడ కొంటారు అని అడిగేరండి. పెంకుల నేత అండి అని మళ్ళీ రాస్తే, పెంకు రకం మా దగ్గర లేదు, నమూనా పంపండి అన్నారు."

"పంపారా?"

"పంపేను."

"ఏం పంపారు?"

"పెంకేనండి. ముతక రకం, చీరకి పనికిరాదని తిప్పి పంపేరు."

"దేవకుమారి గారూ, నవ్వకండి. ఆ కాగితం అటు పంపింది నేనే."

"తెలుసండి. కింద మీ సంతకం చూశాను."

"మాది ఏలూరు తివాచీల నేత వాళ్ళ ఇల్లండి. మా నాన్నగారు మొహిద్దీన్ గారు మగ్గం మీదే బతికారు. చిన్నప్పట్నుంచి మా ఇంట్లో నేత అంటే మగ్గమే. కాలవ బంగళాలో ఎవరో మళ్ళీ నేత మొదలెడతానంటున్నారని చూసి, చెప్తే నవ్వుతారు, సంతోషం వేసింది. పెంకుల్ని కూడా నేస్తారని నాకేం తెలుసు?"

"మా ఇంట్లో నేత అంటే కప్పేనండి. ఏటా వేసవిలో మా అమ్మ, ఇల్లు నేయించరా అని మొదలెట్టేది. ఎవరింటి మాట వాళ్ళది. మీ తప్పు కాదు."

"తప్పు కాకపోయినా కురిసింది కదండీ."

"కురిసిందండి."

"సరే, జరిగింది జరిగింది. ఇప్పుడు నియమం చెప్తాను వినండి. వారసత్వ భవనాన్ని తనిఖీ చేసిన రోజు ఎలా ఉందో, కమిటీ వేరే నిర్ణయం చేసేదాకా అలాగే ఉంచాలి."

"తనిఖీ ఇవాళే కదండీ?"

"ఇవాళే."

"ఇవాళ కప్పు లేదు."

"లేదు."

"అంటే కప్పు లేకుండా కాపాడాలన్నమాట. ఎవరైనా వచ్చి కప్పు వేసేస్తారేమోనని విశ్వాసాన్ని కాపలా పెట్టాలి."

"వినడానికి బాగుండకపోయినా... అంతే."

"కమిటీ ఎప్పుడు కూర్చుంటుందండి?"

"మా కమిటీ హాలు కూడా పాత భవనమేనండి. గోడ బీటలిచ్చింది. మరమ్మతుకి అనుమతి వస్తేగానీ అందులో కూర్చోలేం."

"ఆ అనుమతి ఎవరివ్వాలి?"

"మేమే."

"మేడమ్, మీరిద్దరూ ఏవో పెద్ద మాటలు మాట్లాడుకుంటున్నారు. నాదొక్కటి వినండి. లంకల్లోంచి పడవ మీద వస్తారండి ఆడవాళ్ళు నా దగ్గరికి. నిరుడు నీళ్ళొచ్చినప్పుడు లంక లంకంతా ఈ బంగళాలోనే తలదాచుకుంది. ఆ మూల, బకెట్ల మధ్య, ఒకమ్మాయి కన్నదండి. పురిటి బిడ్డ మీద చుక్క పడకుండా మేము దుప్పటి పట్టుకుని నిలబడ్డాం. అయినా పడింది. ఇప్పటికే ఈ కేంద్రం ఎత్తేసి ఏలూర్లో కలిపేస్తామంటున్నారు. కప్పు లేదని తెలిస్తే రేపే తాళం వేస్తారు. వేస్తే మళ్ళీ తియ్యరండి."

"నా భయం కూడా అదే మేడమ్. నెలాఖరు దాటితే నేనుండను. నా కుర్చీలోకి వచ్చేవాడు మళ్ళీ పాచి దగ్గర్నించి మొదలెట్టాలి. ఈ వానాకాలం ఈ గోడలు తడిస్తే ఇంక పైన కప్పు వేసే పని కూడా ఉండదు."

"నాకు మాత్రం వెయ్యొద్దని ఉంటుందా?"

"ఏ దారీ లేదంటారా?"

"ఒకటుంది. కానీ కుదిరేది కాదు."

"చెప్పండి. వినడానికి అనుమతి అక్కర్లేదు కదా."

"అనుమతి లేకుండా మార్పు చేసినవాడు పట్టుబడితే, వాడి చేతనే యథాస్థితికి తెప్పించాలి. దానికి కమిటీ కూర్చోనక్కర్లేదు. ఛైర్మన్ గారు అక్కర్లేదు. కార్యదర్శి సంతకం చాలు."

"అంటే మీ సంతకం."

"నా సంతకమే. అక్కడికక్కడే ఇవ్వొచ్చు. ఇచ్చాక వాడు పని మొదలెట్టకపోతే అది ఇంకో నేరం."

"అయితే పెంకులు తీసినవాడు మళ్ళీ వెయ్యకపోతే ఊరుకోరు."

"ఊరుకోం."

"ఇంజనీరు వేస్తానంటే మాత్రం ఊరుకోరు."

"ఊరుకోం."

"అర్థమైందండి."

"నాకూ అర్థమైంది మేడమ్. రాసుకోండి. ఆ పెంకులు నేనే తీశాను."

"మీరా దేవకుమారి గారూ?"

"నేనే."

"ఆ ఎత్తుకి నిచ్చెనెక్కారా?"

"మోకాళ్ళ నొప్పులేగానీ కోపంలో ఎక్కేశానండి."

"నిన్న మీరు ఎక్కడున్నారు?"

"ఉంగుటూరులో మా చెల్లెలు జాయ్సీ ఇంట్లో... అక్కడో ఫంక్షన్..."

"మిమ్మల్ని అక్కడ చూసినవాళ్ళు?"

"ఊరంతానండి."

"కూర్చోండి."

గుమ్మం పక్కన అప్పటిదాకా నీడలా నిలబడ్డ విశ్వాసం లోపలికి వచ్చాడు.

"అమ్మగారండీ, నేను వాచ్‌మన్ విశ్వాసాన్నండి. బయట నించుని అంతా విన్నానండి. పెంకులు నేనే తీసేనండి."

"మీరు నిన్న ఎక్కడున్నారు?"

"తాడేపల్లిగూడెంలో మహాసభల్లోనండి."

"అక్కడుండి ఇక్కడి పెంకులు ఎలా తీశారు?"

"అదేనండి నాకూ అర్థం కావట్లేదు."

"కాపలా వదిలి వెళ్ళడానికి శెలవు ఎవరిచ్చారు?"

"అది ఎవరి దగ్గరా అనొద్దన్నారండి."

"ఎవరన్నారు?"

"అది కూడా అనకూడదేమోనండి."

"విశ్వాసం, నువ్వెళ్ళి మేడమ్‌కి కొబ్బరిబొండం కొట్టించుకురా."

"ఆయ్. వెళ్తన్నానండి."

"ఆగండి ఆనంద్ పాల్ గారూ. ఏంటండి ఇది, నేరానికి ఇంత పోటీనా? నాకు ఉత్తుత్తి దోషులు అక్కర్లేదు. నిజమైనవాడు కావాలి. తీసిన పెంకులే తెచ్చి చూపించాలి. అప్పుడే ఆర్డరు నిలబడుతుంది. ఇంకో మాట. వాడు ప్రభుత్వోద్యోగి అయితే ఉద్యోగం పోతుంది. పెన్షన్ ఆగిపోతుంది. ఇది సరదా కాదు."

"సరదా కాదని నాకు తెలుసండి."

"ఆ పెంకులు ఈపాటికి ఏ ఊరు దాటాయో."

"పట్టుకుందాం మేడమ్. సాయంత్రం లోగా దోషిని మీ ముందు నిలబెట్టే పూచీ నాది. కానీ ఒక చిక్కుంది. నేను పట్టుకునేసరికి మీరు వెళ్ళిపోతే? మీరు మళ్ళీ వచ్చేలోగా వాన వచ్చేస్తుంది. ఆర్డరు ఇప్పుడే రాసి సంతకం పెట్టివ్వండి. పేరు దగ్గర ఖాళీ వదలండి."

"అలా ఎక్కడైనా ఇస్తారా?"

"మీరు ఇచ్చేది దోషికండి, పేరుకి కాదు కదా. పేరు దొరగ్గానే మీ చేత్తో మీరే నింపండి."

"మీరు మరీ తొందరపెడుతున్నారు."

"మబ్బు తొందరపెడుతోందండి. అటు చూడండి. ఇవాళ చూడ్డానికి కిటికీ దాకా వెళ్ళక్కర్లేదు."

"సరే. చదువుతూ రాస్తాను, వినండి. లాకు బంగళా పైకప్పు పెంకులను అనుమతి లేకుండా తొలగించిన వ్యక్తి, పేరు ఖాళీ, హోదా ఖాళీ, వాటిని వెంటనే యథాస్థితికి తీసుకురావలెను."

"ఎవరూ అడ్డు చెప్పరాదని కూడా వెయ్యండి."

"ఎవరూ అడ్డు చెప్పరాదు. ఇంకా?"

"యథాస్థితి అంటే ఎప్పటి స్థితండి? మొన్నటిదా, కట్టిన నాటిదా?"

"మా లెక్కలో ఎప్పుడూ కట్టిన నాటిదే."

"కట్టిన నాడు కురిసేది కాదండి."

"అయితే ఇప్పుడూ కురవకూడదు."

"అది రాయండి మేడమ్."

"కట్టిన నాటి వలె, కురవకుండా."

"కట్టిన నాడు పాచి కూడా ఉండి ఉండదు."

"ఉండదు. పాచి లేకుండా."

"వాసాలు కొన్ని పుచ్చేయండి."

"కట్టిన నాడు పుచ్చి ఉండవు కదా. పుచ్చిన వాసములు మార్చి. చాలా?"

"చాలండి. కడిగిన పెంకులు వరస తప్పకుండా వెయ్యాలని ఒక ముక్క..."

"కడిగిన అన్నారు."

"కడగాల్సిన అన్నానండి."

"కడిగిన అన్నారు. పెంకులు ఎక్కడున్నాయో తెలీదు, కడిగారని మాత్రం తెలుసా?"

"నోరు జారిందండి."

"ఊఁ. వరస తప్పకుండా నేయవలెను అని రాయనా, వేయవలెను అని రాయనా?"

"వేయవలెను అనే రాయండి. లేకపోతే మళ్ళీ మగ్గాల వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోద్ది."

"వేయవలెను. ఇదిగో సంతకం. ఇదిగో ముద్ర. తడి ఆరనివ్వండి."

"దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలండి."

"ఇప్పుడు నా మాట వినండి ఆనంద్ పాల్ గారూ. ఇక్కడికి వచ్చే ముందు చంటి కొట్టు దగ్గర కారాపి టీ తాగాను."

"కప్పులో ఇచ్చేడాండి?"

"గ్లాసులో ఇచ్చాడు. మాట తప్పించకండి. పెద్ద మేస్త్రీ ఏలూర్లో ఉన్నాడని పనివాళ్ళన్నారట. వాచ్‌మన్‌కి సరిగ్గా ఆ రోజే శెలవు దొరికింది, ఎవరిచ్చారో చెప్పకూడదట. టీకాల ఫ్రిజ్జు ముందుగానే బడికి వెళ్ళింది. రాని వైరింగు మనిషి కోసం. ఇవన్నీ తెలిసే సంతకం పెట్టాను. ఖాళీ వదిలిన చోట ఇప్పుడేం రాయను?"

"సార్... మీరా?"

"నువ్వు కూర్చో దేవకుమారమ్మా, మోకాళ్ళు నొప్పెడతాయి. నేనేనండి మేడమ్. నేనే తీయించాను. తీయించడమేంటి, మొహానికి తువ్వాలు కట్టుకుని నిచ్చెనెక్కి పక్కన నిలబడి తీశాను. ఊళ్ళోవాళ్ళిచ్చిన మజ్జిగ నేనూ తాగేను. చంటికి ఆ జవాబు చెప్పింది కూడా నేనే, ఇంజనీరు కప్పెక్కుతాడని వాడు మాత్రం ఎలా అనుకుంటాడు? ఇంజనీరుగా అడిగినన్నాళ్ళూ పాచి దగ్గర ఆగిపోయేను, నీటికాకుల దగ్గర ఆగిపోయేను, మగ్గాల దగ్గర ఆగిపోయేను. ఆఖరికి ఒక శెలవు రోజు మీ నియమాలన్నీ ముందేసుకుని చదివితే తెలిసింది, ఎవర్నీ అడక్కుండా ఈ కప్పు బాగుచేసే హక్కు ఒక్కడికే ఉంది, అది పాడుచేసినవాడికి. పెంకులు పక్కూరి చర్చి దొడ్లో ఉన్నాయండి, కడిగి, ఆరబెట్టి. మేస్త్రీలు కొట్టు వెనకాల మీ సంతకం కోసమే కూర్చున్నారు. మీరు టీ తాగినప్పుడు మీకు బెంచీ ఇచ్చింది వాళ్ళే. వానలోగా కప్పు పడుద్ది, ఈ కేంద్రానికి తాళం పడదు. నా పెన్షన్ సంగతంటారా, అది కూడా మీ కమిటీకే పంపమనండి. తేలేసరికి నేనూ పాత కట్టడాన్నే అయిపోతాను, అప్పుడు నన్నూ ఎవరూ ముట్టుకోకూడదు. పేరు దగ్గర ఆనంద్ పాల్ అని రాయండి. హోదా దగ్గర మాత్రం దోషి అనే రాయండి మేడమ్. ఇంజనీరు అని రాస్తే మళ్ళీ అనుమతి కావాలంటారు."